సీమ పటం, మా డ్రాయింగు మేష్టారు

మా డ్రాయింగు మేష్టారి ఆదరణ కూడికలో అందరూ నవ్వారు. పోయిన మనిషిని తలుచుకుని నవ్వితే తప్పని నేను అనను. బతికుండగా ఆయన మమ్మల్ని నవ్వించినంత ఇంకెవరూ నవ్వించలేదు, చాలాసార్లు తనకు తెలియకుండానే. పాస్టరు గారు మైకు దగ్గర నిలబడి, మేష్టారు జన్మలో ఒకే ఒక్కసారి తన తప్పు ఒప్పుకున్నారని, అదీ ఈ చర్చిలోనే, ఇదిగో ఈ పటం గురించేనని వెనక్కి తిరిగి బలిపీఠం వైపు చెయ్యి చూపించారు. మగవాళ్ళ వరసల్లో మొదలైన నవ్వు ఆడవాళ్ళ వైపు వచ్చింది. మేష్టారి భార్య కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కీబోర్డు పక్కన కూర్చున్న నాకు మాత్రం నవ్వు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను గానీ, ఆయన గురించి కోపంగా రాయడం అయ్యే పని కాదు.

ఆయనా నేనూ ఒకే హైస్కూల్లో పనిచేశాం. ఆయన డ్రాయింగు, నేను సైన్సు. నేను చేరిన రోజు స్టాఫ్ రూములో ఎదురుగా కూర్చుని నా ఎడమ చెవి వైపు అదే పనిగా చూస్తూ ఉండిపోయారు. కమ్మ గాని ఊడిపోయిందేమోనని తడుముకున్నాను. "మీ నాన్నగారిది కొత్తపేట వైపా అండి?" అన్నారు. నాన్నగారిది కాదండి, అమ్మగారిది అన్నాను. అయితే చెవి తల్లి వైపు నుంచి వచ్చిందన్నమాట అని తనలో తను తేల్చుకుని, అటెండెన్సు రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆయన మనుషుల చెవులు చూస్తూ మాట్లాడతారని, అది అలవాటే తప్ప అమర్యాద కాదని మిగతా టీచర్లు తర్వాత చెప్పారు. పెళ్ళిచూపుల్లో కూడా అంతేనట. చెవి చూసి సరేనన్నారని, మొహం పెళ్ళయ్యాక తీరిగ్గా చూసుకున్నారని ఆయన భార్య చెప్పేవారు.

ఆయనకు లోకంలో ప్రతి వస్తువు వెనకా ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో తేలితే గాని అన్నం సయించదు. వాకిట్లో ముగ్గు, మేడ మీద పిట్టగోడకు సిమెంటు హంస, లారీ వెనక తామరపువ్వు, ఏది కనిపించినా బండి ఆపేవారు. కళ్ళజోడు తీసి దాన్నే భూతద్దంలా ముందుకు పట్టుకుని చూసి, ఇది తణుకు చెయ్యండి అనేవారు. లేదా ఈ చెయ్యి నాకు తెలుసు, మనిషే తెలియడు అనేవారు. ఫ్లెక్సీలంటే ఆయనకు పడదు. వాటికి చెయ్యి లేదని, మిషను కక్కిన కూడని తీసిపారేసేవారు. ఒకసారి స్కూలు గోడ మీద మా హెడ్మాస్టరు గారి బొమ్మ ఎవడో బొగ్గుతో వేశాడు, పొట్టా మీసం సహా. హెడ్మాస్టరు గారు మండిపడి, ఇది ఎవడి చెయ్యో చెప్పమని మేష్టారిని పిలిపించారు. మేష్టారు అటు నుంచి చూశారు, ఇటు నుంచి చూశారు. చెయ్యి తెలిసింది గానీ చెప్పనని, మీసం చాలా బాగా కుదిరిందని, చెరపకుండా ఉంచుకుంటే మంచిదని సలహా ఇచ్చి వచ్చేశారు. ఆ తర్వాత హెడ్మాస్టరు గారు ఆయనతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ సంగతి మేష్టారు గమనించినట్టు లేదు.

తప్పు ఒప్పుకోవడం మాత్రం ఆయన ఇంటా వంటా లేదు. దీనికి పూతరేకుల సంగతి చెప్పాలి. లెక్కల టీచర్ గారు ఒక రోజు స్టాఫ్ రూముకి డబ్బా తెచ్చారు. మేష్టారు ఒక పూతరేకును రెండు వేళ్ళతో ఎత్తి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టి, మడత ఎటు తిరిగిందో చూశారు. ఆత్రేయపురంలో ఫలానా వీధిలో ఫలానా ఆవిడ చెయ్యి అన్నారు. నిర్ధారణ కోసం దాన్ని తిన్నారు. ఇంకా గట్టి నిర్ధారణ కోసం మరొకటి తిన్నారు. లెక్కల టీచర్ గారు పాపం, ఇవి ఆత్రేయపురంవి కాదండి, మా వారు రాజమండ్రిలో షాపులో కొన్నారు, అక్కడే చేయిస్తారట అన్నారు. ఎవరైనా అయితే అక్కడ నవ్వేసి ఊరుకుంటారు. మేష్టారు కాసేపు ఆలోచించి, "అయితే ఆవిడ కాపురం రాజమండ్రికి మార్చిందన్నమాట. మంచిదే, పిల్లల చదువులకి బాగుంటుంది" అన్నారు. ఈ మాట మా ఊళ్ళో సామెత అయిపోయింది. ఎవరైనా తప్పు ఒప్పుకోకుండా మొండికేస్తే, పూతరేకుల ఆవిడ రాజమండ్రి వెళ్ళిందిలే అంటారు.

చర్చిలో ఆయనంత శ్రద్ధగా ప్రసంగం వినేవాళ్ళు లేరని కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరు గారూ అనుకునేవారు. రెప్ప వెయ్యకుండా ముందుకు చూస్తూ కూర్చునేవారు మరి. కొన్ని ఆదివారాలు గడిచాక, ఆ చూపు తమ నెత్తి మీదుగా జానెడు ఎత్తులో వెనక్కి పోతోందని వాళ్ళకు తెలిసేది. ఒక పాస్టరు గారు గుమ్మం దగ్గర ఆపి, ఈ రోజు వాక్యంలో ఏం నచ్చిందని అడిగితే, తోమా పాదం కాస్త చిన్నదైందండి అని జవాబిచ్చారట.

ఆ చూపు వెళ్ళేది బలిపీఠం వెనక గోడ మీది పటానికి. ప్రభు రాత్రి భోజనం. పొడవాటి బల్ల, మధ్యలో ప్రభువు, అటూ ఇటూ శిష్యులు, వెనక ఎర్రటి తెర. మంచి టేకు చట్రం. దాన్ని మేము సీమ పటం అంటాం. పూర్వం మిషనరీ దొరగారు సీమలో పేరుమోసిన చిత్రకారుడి చేత వేయించి, చర్చి గంటతో పాటు ఓడలో తెప్పించారని పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. పక్క ఊరి చర్చికి మాకంటే పెద్ద శిఖరం ఉంది, ఇంకో ఊరికి పైపుల ఆర్గను ఉంది. మాకు సీమ పటం ఉంది. పెళ్ళి ఫోటోలు దాని ముందే తీయించుకుంటాం. మా సంఘానికి ఉన్న గొప్ప అంతా ఆ పటమే.

చర్చికి నూరేళ్ళ పండుగ చెయ్యాలని వెల్లలు వేయించేటప్పుడు ఆ పటాన్ని దించి పక్క గదిలో నేల మీద పెట్టారు. మేష్టారు దాన్ని అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. మర్నాడు సాయంత్రం స్కూలు వదలగానే నా కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నారు. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది. ఒక్కసారి చర్చికి రావాలి, సాక్షి కావాలి, మీరు సైన్సు కాబట్టి మీ మాటకు విలువ ఉంటుంది అన్నారు. వెళ్ళాను. పటం ముందు నన్ను నిలబెట్టి, ఎడమ చేతులు చూడండి అన్నారు.

చూశాను. చూడ్డానికి అవి ఉంటే గదా. బల్ల మీద ఉన్నవన్నీ కుడి చేతులే. ఎడమ చేతులన్నీ ఒడిలోనో, అంగీ మడతల్లోనో, బల్ల కిందనో ఉన్నాయి. ఒక్క ఇస్కరియోతు యూదా మాత్రం పళ్ళెం వైపు ఎడమ చెయ్యి చాపాడు.

"సీమలో ఎడం చెయ్యి బల్ల మీద పెడితే ఎవరూ ఏమీ అనుకోరు టీచర్ గారూ. వాళ్ళు రెండు చేతులతోనూ తింటారు. ఇటు చూడండి, ప్రభువు రొట్టె ఒంటి చేత్తో తుంచుతున్నారు, మనం అప్పడం తుంచినట్టు. అంత మందాన రొట్టె ఒంటి చేత్తో తెగుతుందా అండి? రొట్టె తినే వాడెవడూ ఇలా వెయ్యడు. ఇది అన్నం తినే వాడి చెయ్యి. ఇది మన గోదారి చెయ్యండి."

నేను ఇంటికి వెళ్ళి, బేకరీ నుంచి కొయ్యని బ్రెడ్డు తెప్పించి, ఒంటి చేత్తో తుంచి చూశాను. పళ్ళెం జరిగింది గానీ రొట్టె తెగలేదు. మా ఆయన చూసి రెండో చేతికి ఏమైందని కంగారుపడ్డారు.

ఆ రోజు నుంచి మేష్టారికి వేరే పని లేదు. ఆ వేసినవాడి పేరు తెలియదు కాబట్టి కుడిచేతి మేస్త్రి అని తనే ఒక పేరు పెట్టుకున్నారు. కుడిచేతి మేస్త్రికి గోళ్ళు వెయ్యడం రాదని, అందుకే వేళ్ళు ముడిచేస్తాడని, చెవి తమ్మె కాస్త సాగదీస్తాడని, పాదాల దగ్గరకు వచ్చేసరికి ఆకలేసి తొందరపడతాడని, సొంత బావమరిది గురించి చెప్పినట్టు చెప్పేవారు. ఆ ఎర్ర తెర మీద ఆయనకు ఇంకో అనుమానం ఉంది. దానికి కుచ్చులున్నాయి, బంగారు అంచు ఉంది, పైకి లాగే తాడు కూడా ఉంది. అది ఇంటి తెర కాదు, నాటకం తెర అన్నారు. పాత నాటక సమాజాల తెరలు ఎక్కడ మిగిలాయో విచారిస్తూ, బండి వేసుకుని డెల్టా అంతా తిరిగారు. ఒక రోజు నేను ల్యాబులో ఉండగా ఫోను చేసి, "చెవి దొరికింది టీచర్ గారూ" అన్నారు. ఎవరి చెవి తెగిందో, ఏ ఆసుపత్రికి పరిగెత్తాలో అని హడలిపోయాను. చెవి దొరికింది తణుకు దగ్గర ఒక రైస్‌మిల్లులో. ధాన్యం బస్తాల మీద పాత దర్బారు తెర ఒకటి కప్పి ఉందట. దుమ్ము దులిపితే ద్వారపాలకుల చెవులు, అచ్చం మా శిష్యుల చెవులు. ఆ తెర రాసినాయన కొవ్వూరు వాడని, ఆయన కూతురు ఇంకా అక్కడే ఉందని మిల్లులో పెద్దాయన చెప్పారట.

మళ్ళీ సాక్షిగా నేను. బ్రిడ్జి మీద బస్సు పోతుంటే మేష్టారు గోదావరి వైపు చూడలేదు. ముందు సీటులో ఉన్నాయన చెవి చూస్తూ కూర్చున్నారు. ఆ కూతురు బాగా పెద్దావిడ. నడుం వంగింది గానీ మాట గట్టిగా ఉంది. మేష్టారు ఆవిడ చెవులు చూసి, నా వైపు తిరిగి కళ్ళెగరేశారు. మేము ఏ ఊరి నుంచి వచ్చామో, ఏ చర్చి నుంచి వచ్చామో మాత్రమే చెప్పాం. చేతుల గురించి ఒక్క మాటా ఎత్తొద్దని ఆయన నాకు బస్సులోనే ఒట్టు పెట్టినంత పని చేశారు. ముందు సాక్ష్యం, తర్వాతే ప్రశ్న అన్నారు. ఆవిడ మా ఊరి పేరు వినగానే కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఆయ్, మా నాన్నేనండి వేసింది. నేను పొద్దున్నే దొరగారి బంగళాకి క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. దొరగారు చిన్న కార్డు ఇచ్చారండి, దాన్ని చూసి పెద్దది చెయ్యమన్నారు. ఆ కార్డులో అందరి చేతులూ బల్ల మీదే ఉన్నాయంట. నాన్న ఊరుకోలేదండి. దేవుడి పక్కన కూకుని ఎడం చేత్తో తింటారేంటండి అని అన్నీ కిందికి దింపేశాడండి. దేవుణ్ణి అమ్మేసినోడి చెయ్యి మాత్రం ఉంచేశాడు. ఎవరో తెలియాలి గదండీ."

 ఎప్పుడూ మాట తడుముకోని మేష్టారు కుర్చీలో చిన్నపిల్లాడిలా చేతులు ముడుచుకుని కూర్చున్నారు. తర్వాత మెల్లగా నాన్నగారి పేరేంటమ్మా అని అడిగారు. ఆవిడ చెప్పింది. ఆ పేరును ఆయన తనలో తను పలికి చూసుకున్నారు, కొత్త పెన్సిలు ముల్లు చూసుకున్నట్టు. నూరేళ్ళ పండుగ నాటికి ఆ పటం కింద ఆ పేరు రాయిస్తానని మాట ఇచ్చారు. ఆవిడ ఆశ్చర్యపోలేదు, వద్దనలేదు. మేము చర్చి లోపలికి రావచ్చాండి, చూస్తాను అని మాత్రం అడిగింది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మేష్టారు లేచి సంఘానికి అంతా చెప్పారు. ఎడమ చేతులు, ఒంటి చేతి రొట్టె, ద్వారపాలకుల చెవులు, కొవ్వూరు కూతురు. వేసినాయన పేరొక్కటి మాత్రం పండుగ రోజుకని దాచుకున్నారు. ఇంత సంతోషకరమైన వార్త వింటే సంఘం లేచి చప్పట్లు కొడుతుందని ఆయన అనుకున్నట్టున్నారు. ఎవరూ కదల్లేదు. అందరి మొహాలూ మన ఇంట్లో బంగారం గిల్టని తేలినప్పుడు ఉండేలా ఉన్నాయి. వెనక నుంచి ఒక పెద్దాయన, ఆ తెరలు రాసినాయన విశ్వాసేనా అని అడిగారు. మేష్టారు, అది తెలియదండి, చెవులు మాత్రం బాగా వేస్తాడు అన్నారు.

అప్పుడు కమిటీ సెక్రటరీ లేచాడు. నా దగ్గర చదువుకున్నవాడే, చెడ్డవాడు కాదు. వాళ్ళమ్మగారికి కళ్ళు ఆనక పాటల పుస్తకం కనిపించదు. అందుకని బలిపీఠం వెనక గోడకు పెద్ద ఎల్‌ఈడీ స్క్రీన్ పెట్టి, పాటలూ వాక్యమూ అందులో వెయ్యాలని అతనికి ఎప్పటి నుంచో కోరిక. సీమ పటం అడ్డం వచ్చి ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. మనవాళ్ళు వేసిన పటమే అయితే ఇక ఇబ్బంది లేదు గదా, మంచి ఫోటో తీయించి దాచుకుందాం, పటాన్ని వెనక హాల్లో పెడదాం, ఆ గోడకు స్క్రీన్ పెడదాం అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తలలు ఊగాయి. మనవాడు వేశాడంటే ఇంకా గొప్ప కదండీ అని మేష్టారు రెండు మూడు రకాలుగా చెప్పి చూశారు. గొప్పే మేష్టారూ, అందుకే హాల్లో పెడతామంటున్నాం అన్నారు. వెనక హాలంటే జనరేటరూ, వంట గిన్నెలూ, పాత బెంచీలూ ఉండే గది. గోడకి చెమ్మ. పాత పాస్టర్ల ఫోటోలు అక్కడ పెడితే రెండు వానాకాలాలకే చెదలు తినేశాయి. ఆ సంగతి మేష్టారికి తెలుసు, ఎందుకంటే ఆ ఫోటోలకు చట్రాలు కట్టించింది ఆయనే. వచ్చే ఆదివారం తీర్మానం చేద్దామని కూడిక ముగించారు.

ఆ వారమంతా ఆయన బండి తియ్యలేదు. బుధవారం అనుకుంటాను, మా ఇంటికి నడిచి వచ్చారు. వరండాలో కూర్చుని మంచినీళ్ళు తాగారు. మొట్టమొదటిసారి నా చెవి వదిలేసి మొహంలోకి చూసి మాట్లాడారు. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది.

"టీచర్ గారూ, మీ సైన్సులో ఒకసారి రుజువైన దాన్ని వెనక్కి తీసుకోవచ్చా అండి?"

కొత్త రుజువు వస్తే తీసుకోవచ్చు మేష్టారూ అన్నాను.

"రాకపోతే?"

రాకపోతే కుదరదన్నాను. ఆయన తల ఊపి గ్లాసు బోర్లించి వెళ్ళిపోయారు. ఆయన ఏం ఆలోచిస్తున్నారో నాకు అప్పటికి తట్టలేదు. ఆయనలాంటి మనిషి విషయంలో అది తట్టే ఆలోచన కాదు కూడా.

ఆదివారం ప్రకటనల సమయంలో, సెక్రటరీ తీర్మానం చదవబోతుంటే మేష్టారు లేచారు. బలిపీఠం ముందుకు నడిచి, అప్పటికి మళ్ళీ గోడకెక్కిన పటానికి వీపు పెట్టి, మా వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన ఆ పటానికి వీపు పెట్టడం నేను అదివరకు చూడలేదు.

"పటం విషయంలో నేను పొరబడ్డానండి. మళ్ళీ విచారించాను. సీమలో కూడా చేతులు అలా వేసేవాళ్ళు ఉన్నారు. అది ఓడలో వచ్చిన పటమే. పెద్దలు చెప్పిందే నిజం. సంఘాన్ని తికమక పెట్టాను, క్షమించండి."

 అందరి మొహాల్లోకీ రక్తం తిరిగి వచ్చింది. విశ్వాసేనా అని అడిగిన పెద్దాయనే అందుకుని, అయితే పూతరేకుల ఆవిడ కూడా రాజమండ్రి వెళ్ళలేదా మేష్టారూ అన్నారు. చర్చి గొల్లుమంది. మేష్టారు వెళ్ళలేదండి అని ఒప్పుకున్నారు. అది కూడా ఒప్పేసుకున్నారు. సెక్రటరీ తీర్మానం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సీమ నుంచి వచ్చిన పటాన్ని జనరేటరు పక్కన పెట్టడానికి ఎవరికి చేతులొస్తాయి.

గేటు బయట ఆయన్ని పట్టుకున్నాను. నాకు ఏడుపు వస్తోంది. అబద్ధం చెప్పారు, అదీ బలిపీఠం ముందు నిలబడి అన్నాను. ఆయన చెప్పులు వెతుక్కుంటూ, "పేతురంతటివాడు ఆ గురువుగారిని ఎరగనని మూడుసార్లు అన్నాడండి. నేను మా కుడిచేతి గురువుగారిని ఒక్కసారే అన్నాను" అన్నారు. నవ్వించడానికే అన్నారు గానీ కుడి కాలి చెప్పులో ఎడమ కాలు పెట్టారు. చెప్పులు మార్చుకుని, కొవ్వూరు వెళ్ళి ఆవిడకి చెప్పుకోవాలి, బస్సుకి రండి అన్నారు.

ఆవిడకి అంతా చెప్పారు, ఏదీ దాచలేదు. పేరు రాయిస్తానని మాట ఇచ్చి తప్పానని, పేరు రాస్తే పటం పోతుందని, పటం ఉంటే పేరు ఉండదని, తనకు పటమే కావాల్సి వచ్చిందని. ఆవిడ విని, కోడలిని కాఫీ పెట్టమంది.

"మా నాన్న ఏ తెర మీదా పేరు రాసుకోలేదండి. ఆట మొదలెట్టాలంటే తెర లేచిపోవాలి గదండీ, పేరు రాస్తే ఎవరు చూస్తారు అనేవాడు."

మేష్టారు తల దించుకున్నారు. ఆవిడ ఊరడించడానికే ఆ మాట అందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఎందుకంటే మేము లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, రాస్తే బాగుండేదండి, మా పిల్లలకి చెప్పేసుకున్నాను అని మెల్లగా అంది.

నూరేళ్ళ పండుగకు ఆవిడ కోడలిని తీసుకుని వచ్చింది. మేష్టారే ఎదురెళ్ళి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. పటం కింద కొత్తగా ఇత్తడి పలక బిగించారు, ఇది సీమ నుంచి తెప్పించిన పటమని చెక్కించి. ఆవిడ పలక వైపు చూడలేదు. పటాన్నే చూస్తూ, క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు ఎంత పెద్దగా అనిపించేదో ఇప్పుడూ అంతే ఉందండి అంది. పాటలప్పుడు లేచి నిలబడమంటే నిలబడింది, కూర్చోమంటే కూర్చుంది. ఊళ్ళో వాళ్ళు ఎవరావిడ అని నన్ను అడిగారు. మేష్టారి తాలూకు చుట్టాలని చెప్పాను.

ఆ తర్వాత మేష్టారు నాలుగైదేళ్ళు బతికారు. చెవులు చూడటం మానలేదు. ముగ్గుల దగ్గర బండి ఆపడం మానలేదు. కానీ ఇది ఫలానా చెయ్యి అని ఆయన అన్నప్పుడల్లా పక్కవాళ్ళు సీమ పటం సంగతి ఎత్తి నవ్వేవారు, కుర్రాళ్ళు కూడా. ఆయన వాళ్ళతో పాటే నవ్వేవారు. మొదట్లో నాకు గుండె కలుక్కుమనేది. ఆయనకు కూడా కలుక్కుమనేదనే నేను అనుకుంటాను, ఎందుకంటే నవ్వేటప్పుడు నా వైపు చూసేవారు కాదు. తన చెయ్యి అంటూ ఆయనకు ఒక్కటే ఉంది, చేతుల్ని గుర్తుపట్టే విద్య. దాన్నే నలుగురి ముందూ పెట్టి, అది పనికిరానిదని తన నోటితోనే చెప్పారు. నేనైతే చెప్పగలిగేదాన్ని కాదు.

అందుకే ఆదరణ కూడికలో నాకు నవ్వు రాలేదు. మైకు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేద్దామని లేచాను కూడా. లేచి, పాస్టరు గారి తలకు పైన గోడ మీద ఉన్న పటాన్ని చూసి, కీబోర్డు సరిచేసుకుంటున్నట్టు నటించి మళ్ళీ కూర్చున్నాను. సెక్రటరీ ఇప్పటికీ సెక్రటరీయే. ఎల్‌ఈడీ స్క్రీన్లు ఇప్పుడు ఇంకా పెద్దవి వస్తున్నాయట.

మా మేష్టారి పేరు ఇందులో ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. ఊరి పేరూ లేదు, చర్చి పేరూ లేదు. మా ఊళ్ళో ఈ పత్రిక తెప్పించుకునేవాళ్ళు లేరు, అయినా జాగ్రత్త మంచిది. కొవ్వూరన్నాను, తణుకన్నాను, వాటిలో ఒకటి అబద్ధం. ఆయన దగ్గర నేర్చుకున్నదే. మా డెల్టాలో బలిపీఠం వెనక పటాలున్న చర్చిలు చాలా ఉన్నాయి. కావాలంటే ఒక్కొక్క దానికీ వెళ్ళి బల్ల మీద చేతులు లెక్కపెట్టుకోండి, దొరికితే మాత్రం పైకి అనకండి. ఆయన పేరు రాస్తే పటం ఎక్కడుందో తెలిసిపోతుంది కాబట్టి ఆయన పేరు రాయలేను. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని తప్పు చెప్పిన మనిషిగానే గుర్తుపెట్టుకుంటారు. నేను ఏం చెయ్యగలను, ఆయన కోరుకున్నది అదే.

కానీ రెండో పేరు రాయడానికి అడ్డేం లేదు. ఆ పేరు మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, విన్నా ఎవరికీ పటం గుర్తు రాదు. కొవ్వూరు పెద్దావిడ ఇంకా ఉంది. ఇప్పుడు కళ్ళు కనిపించవు, పత్రిక పంపితే కోడలు చదివి వినిపిస్తుంది. అందుకని ఎడిటరు గారిని ఒక్కటే కోరాను, మిగతా ఎక్కడ అచ్చుతప్పు పడినా ఫరవాలేదు గానీ ఈ ఒక్క మాట దగ్గర పడకుండా చూడమని. ఆ పటం వేసింది తెరల సూరన్న గారు.